విద్యుత్ ట్రాక్టరు కంట్రోలరులో రెసిస్టర్ల పాత్ర

దుర్గాపూర్‌లోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 2023లో ప్రిమా ఈటీ 11 విద్యుత్ ట్రాక్టరును ఆవిష్కరించింది. ఇటువంటి యంత్రాలను గురించిన చర్చ సాధారణంగా బ్యాటరీ సామర్థ్యం, ఛార్జింగ్ సమయాలతోనే ముగుస్తుంది. మోటారు కంట్రోలరులోని రెసిస్టర్ల ప్రస్తావన అరుదు. తొలినాటి విద్యుత్ వాహనాలలో వేగ నియంత్రణకు రెసిస్టర్లను వాడి, బ్యాటరీ శక్తిలో కొంత వేడిగా పోగొట్టుకునేవారు. నేడు ఆ పని ట్రాన్సిస్టర్లది. రెసిస్టర్లది రక్షణ బాధ్యత.

కంట్రోలరు ప్రవేశభాగంలో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఖాళీ కెపాసిటరును బ్యాటరీకి నేరుగా కలిపితే ఆ క్షణంలో అది షార్ట్ సర్క్యూట్‌తో సమానం. ఉదాహరణకు 72 వోల్టుల బ్యాటరీ, మార్గంలో మొత్తం 0.02 ఓంల నిరోధం ఉన్నాయనుకుంటే, లెక్క ప్రకారం తొలి ప్రవాహం 3,600 యాంపియర్లు. ఆ తాకిడికి ప్రధాన కాంటాక్టరు మొనలు కరిగి అతుక్కుపోగలవు. అందువల్ల ముందుగా 100 ఓంల ప్రీఛార్జ్ రెసిస్టరు ద్వారా కెపాసిటర్లను నింపితే ప్రవాహం 0.72 యాంపియరుకు మించదు. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు 3 సెకన్లలో 95 శాతం నిండుతుంది. కాంటాక్టరు ఆ తరువాతనే మూసుకోవాలి.

ఈ రెసిస్టరు కాలిపోయినపుడు దాని స్థానంలో తీగముక్క కలిపినా యంత్రం నడుస్తుంది. బాగుపడిందనే భ్రమ కలుగుతుంది. అయితే మొనలు అతుక్కున్న కాంటాక్టరు తాళం తిప్పినా తెరుచుకోదు. అదే సమయంలో ట్రాన్సిస్టరు షార్ట్ అయితే, బ్రష్ మోటారు ఫ్యూజు పోయేవరకు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. రోటవేటరు పక్కన నిలబడిన కూలీకి దీని అర్థమేమిటో వివరించనక్కరలేదు. మార్చే రెసిస్టరుకు ఓం విలువ సరిపోలితే చాలదు. తొలి క్షణంలో పడే సుమారు 52 వాట్ల భారాన్ని తట్టుకునే తీగచుట్టు రకం కావాలి.

నల్లరేగడిలో నాగలి లోతుగా దిగినపుడు మోటారు తీసుకునే ప్రవాహాన్ని కొలిచేది షంట్ రెసిస్టరు. 0.1 మిల్లీఓం షంట్‌లో 200 యాంపియర్లకు 4 వాట్ల వేడి పుడితే, 400 యాంపియర్లకు 16 వాట్లు పుడుతుంది. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగింతలు; మోటారు చుట్టలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. షంట్ కొలతను బట్టి కంట్రోలరు ప్రవాహాన్ని పరిమితం చేస్తుంది. ట్రాన్సిస్టర్ల గేట్ల వద్ద ఉండే చిన్న రెసిస్టర్లు స్విచింగ్ వేగాన్ని అదుపు చేస్తాయి.

యంత్రం ఆపిన తరువాత కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తును బ్లీడర్ రెసిస్టరు హరిస్తుంది. 1,000 ఓంల రెసిస్టరుతో పై కెపాసిటరు 30 సెకన్లలో సుమారు 3.6 వోల్టులకు దిగుతుంది. బ్లీడరు తెగిపోయినా బయటికి ఏ గుర్తూ కనిపించదు. కనుక మరమ్మతు శిక్షణలో బ్యాటరీని వేరుచేసిన పిదప కెపాసిటర్ల వోల్టేజీని మల్టీమీటరుతో కొలిచాకనే కంట్రోలరుపై చేయి వేయడం నేర్పాలి.