పగ్డీ గది కొనబోయేవారికి నాలుగు మాటలు

మొన్న ఆదివారం మాకు వరుసకు అల్లుడయ్యే కుర్రవాడు మిఠాయి పొట్లంతో వచ్చి, "మామా, కామాటిపురాలో ఒక ఖోలీ చూచినాను, బేరం కుదిరింది. పెద్దవారు, మీరొకసారి వచ్చి చూడండి" అన్నాడు. బేరం కుదిరిన తరువాత పెద్దవారితో పనేమిటో నాకు బోధపడలేదు గాని, చెప్పులు తొడుక్కుని బయలుదేరినాను.

చాల్‌లో రెండవ అంతస్తు, కొయ్య మెట్లు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది. పైన అటక, మూలన మోరీ, వరండా చివర అందరికీ ఉమ్మడి పాయిఖానా. నిజాం ఇలాకా పల్లెలనుండి వచ్చి, రాళ్ళు మోసి, సున్నం కలిపి ఈ నగరానికి ఇళ్ళు కట్టిన మన కామాటీలు తాము కాపురమున్నది ఇటువంటి గదులలోనే. ఆ పేటకు పేరు వచ్చినది వారివల్లనే గదా.

అల్లుడు గోడ తట్టి, "గట్టిగానే ఉన్నది మామా" అన్నాడు. నేను గోడ చూడలేదు, అద్దె రశీదు అడిగినాను. అది అమ్మేవాని తండ్రి పేర ఉన్నది. ఆయన పోయి పదేండ్లయినదట.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పవలెను. పగ్డీ ఇచ్చినవాడు ఇంటికి యజమాని కాడు. కొనేది అద్దెదారు హక్కును మాత్రమే. 1947 నాటి బొంబాయి అద్దెల చట్టము పాత అద్దెలను 1940 సెప్టెంబరు మట్టానికి కట్టివేసినది. అద్దె గిట్టని యజమానులు గది ఇచ్చేటప్పుడే పెద్ద మొత్తం పుచ్చుకొనసాగినారు. ఆ చట్టం క్రింద అది నేరము. అయినా ఇచ్చేవారు ఇచ్చినారు, పుచ్చుకొనేవారు పుచ్చుకొన్నారు, కాగితం మాత్రం పుట్టలేదు. 2000 మార్చి 31 నుండి అమలైన కొత్త అద్దెల చట్టము, 56వ సెక్షనులో, ఈ సొమ్మును ఒప్పుకొన్నది. 55వ సెక్షను ప్రకారం ఒడంబడిక వ్రాసి రిజిస్టరు చేయించవలెను. చేతులు మారినప్పుడు యజమానికి సుమారు మూడవ వంతు ముట్టుట వాడుక, చట్టం కాదు.

మరి తండ్రి పోతే హక్కు ఎవరిది? ఆయన పోయేనాటికి ఆయనతో కలిసి అక్కడ కాపురమున్న కుటుంబీకునిది. అమ్మజూపుచున్న పెద్దకొడుకు పదిహేనేండ్లుగా భివండీలో ఉన్నాడు. గదిలో ఉన్నది తమ్ముడు. తలుపు చాటునుండి అతని భార్య, "పెద్దయ్యా, బావ అమ్ముకుంటే మేమెక్కడికి పోవాలె?" అన్నది. అల్లుడు తల దించుకొన్నాడు.

దళారి అంతటితో ఆగలేదు. "మధ్యలో చెక్క అడ్డం ఉన్నది చూడండి, ఇల్లు తిరిగి కట్టేనాడు రెండు ఫ్లాట్లు వస్తాయి" అన్నాడు. సెస్సు కట్టే పాత ఇండ్లను 33(7) నిబంధన క్రింద తిరిగి కట్టితే ఒక్కొక్క అద్దెదారుకు కనీసం 300 చదరపు అడుగులు వచ్చునన్నది నిజమే. కాని 1996 జూన్ 13 తరువాత పుట్టిన కొత్త అద్దెహక్కులు లెక్కలోకి రావు. ఆ అడ్డం తమ్ముని పెండ్లికి, 2004లో, కట్టినది. 2023లో ప్రభుత్వం కామాటిపురాను మ్హాడా ద్వారా మొత్తంగా తిరిగి కట్టించ నిశ్చయించినప్పటినుండి ఇటువంటి ఆశలు చూపేవారు ఎక్కువైనారు.

జపానులో పాత ఫ్లాటు కొనేవాడు రెండు సంగతులు అడుగునట: 1981 జూన్‌లో వచ్చిన కొత్త భూకంప నిబంధనలకు ముందుదా, వెనుకదా, మరమ్మతుల నిధిలో ఎంత సొమ్మున్నది? మనకు ఆ నిధి లేదు. 1969 చట్టం పెట్టిన సెస్సు, మరమ్మతుల బోర్డు ఉన్నవి. ఇల్లు ప్రమాదకరమని బోర్డు నోటీసు ఏమైనా ఇచ్చినదా అని మనమే పోయి అడుగవలెను. మా అల్లుడు అడుగలేదు.

మెట్లు దిగుచుండగా మెల్లగా, "మామా, యాభై వేలు బయానా ఇచ్చినాను" అన్నాడు.

"రశీదు?"

"దళారి తరువాత ఇస్తానన్నాడు."

మళ్ళీ పైకెక్కినాము. వచ్చే ఆదివారం అన్నదమ్ములిద్దరూ, ఇంటి యజమాని, దళారి ఒకచోట కూర్చోవలెనని, అంతవరకు ఇంకొక్క పైసా కదలదని చెప్పినాను. చిన్నకోడలు చాయ్ ఇచ్చినది.