మేనత్త జబ్బు మనకెందుకంటే...

మందమర్రిలో 'వారసత్వం' అన్న మాట వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది సింగరేణి ఉద్యోగమే. బాయి పని చేసే తండ్రి దిగిపోతే ఆ కొలువులోకి కొడుకు రావడం! 2017లో హైకోర్టు ఆ వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టేసింది. అదే ఏడాది జరిగిన కార్మిక సంఘ గుర్తింపు ఎన్నికల్లో చర్చంతా దాని చుట్టూనే తిరిగింది.

కాగితాలతో, మెడికల్ బోర్డుతో పనిలేకుండా తండ్రి నుంచి బిడ్డకు చడీచప్పుడూ లేకుండా చేరిపోయే వారసత్వం మరొకటుంది. అదే అండాశయ క్యాన్సర్ ముప్పు.

'అండాశయాలు ఉండేది ఆడవాళ్లకు కదా, తండ్రి నుంచి రావడమేంటి?' అనిపిస్తోందా? చాలా కుటుంబాలు పొరబడేది అక్కడే.

బొమ్మా... బొరుసా?

మన కణాల్లో డీఎన్ఏ నిత్యం దెబ్బతింటూనే ఉంటుంది. దాన్ని బాగుచేసే పనిలో బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2 అనే జన్యువులు ముఖ్యమైనవి. గనిలో పైకప్పు కూలకుండా ఆసరాలు పెట్టే కార్మికుడి లాంటివి ఇవి. మొదటిది 17వ క్రోమోజోము మీద ఉందని అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో గుర్తించింది.

ఈ జన్యువులు ఒక్కోటీ మనకు రెండేసి ఉంటాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి లోపంతో వచ్చినా రెండోది పని నడిపించేస్తుంది. ఏదైనా కణంలో ఆ రెండోదీ చెడిపోతే మరమ్మతు కుంటుపడి క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది.

కొలువైతే ఇంట్లో ఒక్కరికే. జన్యువు అలా కాదు. లోపం ఉన్నది తల్లికైనా, తండ్రికైనా పుట్టిన ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. ప్రతిసారీ నాణెం కొత్తగా ఎగరేసినట్టే! తండ్రికి అండాశయాలు లేవు కాబట్టి ఆ జబ్బు ఆయనలో కనబడదు. కానీ నాయనమ్మ నుంచి తను అందుకున్న లోపాన్ని కూతురికి అందించగలడు. మగవాళ్లకూ ఈ లోపంతో ప్రొస్టేట్, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది.

అందుకే మేనత్త జబ్బు మనకూ ముఖ్యమే. పెళ్లయి ఇంటిపేరు మారగానే ఆమె అనారోగ్యం అత్తారింటి లెక్కలోకి వెళ్లిపోతుంది. డాక్టరు 'మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?' అనడిగితే అమ్మ, అమ్మమ్మ, పిన్ని గుర్తొస్తారు. మేనత్త గుర్తురాదు.

ఎంత ముప్పు?

మామూలుగా వంద మంది మహిళల్లో జీవితకాలంలో ఈ క్యాన్సర్ వచ్చేది సుమారు ఒక్కరికి. 2017లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేసరికి బీఆర్‌సీఏ-1 లోపం ఉన్న వందమందిలో 44 మందికి, బీఆర్‌సీఏ-2 లోపం ఉన్నవారిలో 17 మందికి ఇది వస్తుంది. అంటే లోపం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. అలాగే, అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ శాతం వంశపారంపర్యం కానివే. మేనరికం వల్లే వస్తుందన్నదీ అపోహే. ఈ ముప్పు రావడానికి ఒక్క వైపు నుంచి వచ్చిన లోపం చాలు.

తెలిస్తే లాభమేంటి?

కడుపుబ్బరం, కొద్దిగా తినగానే నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం... లక్షణాలు ఇలా ఉంటాయి. 'గ్యాస్' అనుకుని మాత్ర వేసుకుంటాం. చాలామందిలో జబ్బు ముదిరాకే బయటపడుతుంది. ముందే పట్టుకునే నమ్మకమైన పరీక్ష ఇప్పటికీ లేదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలపై జరిపిన ప్రయోగంలో, ఏటా రక్తపరీక్షలు, స్కానింగులు చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది.

కాబట్టే ముప్పు ఎవరికి ఉందో ముందే తెలియడం ప్రాణం నిలిపే సంగతి. లోపం ఉన్నవారు పిల్లలు పుట్టాక, సాధారణంగా 35-45 ఏళ్ల మధ్య, అండాశయాలు, అండవాహికలు తీయించుకుంటే ముప్పు బాగా తగ్గిపోతుంది. తల్లిని క్యాన్సర్‌తో పోగొట్టుకున్న హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2015లో చేసిందదే. అయితే ఆపరేషన్‌తో నెలసరి వెంటనే ఆగిపోతుంది. ఆ ఇబ్బందులనూ డాక్టరుతో మాట్లాడాకే నిర్ణయం తీసుకోవాలి.

జన్యుపరీక్షకు కాస్త రక్తమో, లాలాజలమో చాలు. మొదట చేయాల్సింది జబ్బు వచ్చినవారికి. వారిలో లోపం దొరికితే, తోబుట్టువులూ పిల్లలూ ఆ ఒక్కదాని కోసమే చూపించుకోవచ్చు. రోగికీ మేలే. ఈ లోపం ఉన్నవారిలో బాగా పనిచేసే ఒలాపరిబ్ వంటి మందులు 2014 నుంచి వచ్చాయి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది. పరీక్షకు ముందూ తర్వాతా నిపుణుల సలహా తప్పనిసరి.

దానికన్నా ముందు ఖర్చులేని పని ఒకటుంది. ఓ తెల్లకాగితం మీద అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాసుకోవడం. బతుకమ్మకు ఆడబిడ్డలంతా పుట్టింటికి చేరతారు కదా... ఈసారి మేనత్త వచ్చినప్పుడు పూలు పేరుస్తూ పక్కన కూర్చుని అడగండి. 'పానం ఎట్లుంది అత్తా?' అన్న ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో ఇంకో ఆడబిడ్డను కాపాడొచ్చు!