టైమ్ బేస్ కరెక్టర్
పాత పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించబోయేవారికి తరచూ ఎదురయ్యే పేరిది. మన పాల్ పద్ధతి వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు 625 గీతలు, ఒక్కో గీతకు సరిగ్గా 64 మైక్రోసెకన్లు. వీసీఆర్‌లో టేపు సాగినా, డ్రమ్ము వేగం అటూఇటూ అయినా ఆ లెక్క తప్పుతుంది. పాత టీవీలు సర్దుకుపోయేవి. చవక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాలు తడబడి ఫ్రేములు వదిలేస్తాయి. దాంతో బొమ్మకంటే శబ్దం వెనకబడి, తాళి కట్టడం అయిపోయాక తాపీగా గట్టిమేళం వినిపిస్తుంది! స్టూడియోలు వాడే ఈ కరెక్టర్ గీతలను మెమరీలో పట్టి, సరైన టైమింగ్‌తో వదులుతుంది. వెలిసిన రంగుల్ని మాత్రం తిరిగి తేలేదు. నన్నడిగితే, ఇంటి అవసరానికి కొన్ని ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లలోనే అమర్చి ఉన్న లైన్ కరెక్టర్ చాలావరకు సరిపోతుంది. అప్పటికీ ఫ్రేములు పోతుంటేనే మొత్తం ఫ్రేమును పట్టే ఖరీదైన రకం కోసం వెతకాలి.