కుందేలు చెప్పు సాక్ష్యము

1901వ సంవత్సరమున జర్మనీదేశపు ర్యూగెన్ ద్వీపమున ఇద్దరు బాలురు హత్య గావింపబడిరి. టెస్నో యను వడ్రంగిపై అనుమానము కలిగెను. తన బట్టలపై నున్న మరకలు కొయ్యరంగువని యతడు వాదించెను. సమీపమందలి గ్రైఫ్స్‌వాల్డ్ నగరమున పౌల్ ఊలెన్‌హూత్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, కొన్ని మానవరక్తపు మరకలనియు, కొన్ని గొఱ్ఱెరక్తపు మరకలనియు తేల్చెను. న్యాయస్థానము టెస్నోను దోషిగా నిర్ణయించెను. ఈ పరీక్షకు సాధనము కుందేటి నెత్తురు. అదెట్లో మా తోడి విద్యార్థులకు వివరింపదలచితిమి.

పరాయి మాంసకృత్తు తన శరీరమున ప్రవేశించినచో, దానిని గుర్తించి పట్టుకొను ప్రతిరక్షకములను ప్రాణి తయారుచేసికొనును. మానవుని మాంసకృత్తు నొకదానిని కుందేటికి కొన్ని వారములపాటు పలుమారులు సూదితో నెక్కింతురు. పిదప దాని చెవినరమునుండి నెత్తురు తీసి, గడ్డకట్టనిచ్చి, పైకి తేరిన రసిని గ్రహింతురు. ప్రతిరక్షకము లందే యుండును. కుందేటి చెవినరము పెద్దదగుటచే నెత్తురు తీయుట సులభము.

ప్రతిరక్షకములను చేయు కణము లన్నియు నొకే వంశమునకు చెందినవి కావు. ఒక్కొక్క వంశము మాంసకృత్తునందలి ఒక్కొక్క భాగమును పట్టుకొను ప్రతిరక్షకమును చేయును. అందుచే ఈ మిశ్రమమును ‘పాలీక్లోనల్’ అనగా బహువంశజ మందురు. పెక్కుచోట్ల పట్టు దొరకుటచే మాంసకృత్తు కొంచెమే యున్నను బయటపడును.

నేటి పరిశోధనాలయములలో కణములనుండి తీసిన మాంసకృత్తులను పరిమాణమును బట్టి వేఱుపఱచి, పలుచని పొరపైకి చేర్చి, దానిని కుందేటి ప్రతిరక్షకముతో తడుపుదురు. కుందేటి ప్రతిరక్షకమును పట్టుకొను మేక ప్రతిరక్షకమును, వెలుగు పుట్టించు పదార్థమును తగిలించి, తరువాత చేర్తురు. వెదకిన మాంసకృత్తున్నచోట గీత కనబడును.

అయితే ఈ సాక్షిని గ్రుడ్డిగా నమ్మరాదు. కేంబ్రిడ్జిలో జార్జి నట్టాల్ సుమారు 16,000 పరీక్షలు గావించి 1904లో గ్రంథము ప్రకటించెను. మానవరక్తమునకై సిద్ధపఱచిన రసి వానరముల రక్తమును గూడ కొంత పట్టుకొనునని యందు తేలినది. అట్లే నేటి ప్రతిరక్షకమును పోలికగల వేఱొక మాంసకృత్తును పట్టుకొని తప్పుగీత చూపవచ్చును. మఱియు నొక కుందేటి రసి వేఱొక కుందేటి రసివలె నుండదు; ఆ కుందేలు చచ్చినచో అదే రసి మరల దొరకదు. ఒకే వంశపు ప్రతిరక్షకమును ఎడతెగక పొందు మార్గమును 1975లో కోలర్, మిల్‌స్టైన్ అను వారు కనుగొనిరి. అదియు పరీక్షింపక నమ్మదగినది కాదు.

సాక్షిని పరీక్షించు విధమొకటి కలదు. వెదకెడు మాంసకృత్తునకు మూలమైన జన్యువును తీసివేసిన కణములపై ప్రతిరక్షకమును ప్రయోగింపవలెను. అప్పుడును అదే గీత కనబడినచో సాక్ష్యము అబద్ధము. ఈ పరీక్ష మానినచో లేని మాంసకృత్తును ఉన్నదని యెంచి, రోగకారణమును ఒకచోట నుండగా వేఱొకచోట వెదకుచు ఏండ్లు గడచిపోవును. కావున సోదరులారా, ప్రయోగశాలలో గీత కనబడినప్పుడెల్ల, ఆ వస్తువు లేనిచోట గీత లేకుండెనా యని మొదట అడుగుడు.