హిస్టరీ చదివితే పంతులు ఉద్యోగమేనా?

అపోహ: హిస్టరీ డిగ్రీకి బడిపంతులు ఉద్యోగం తప్ప దిక్కులేదు.

కాలేజీ అప్లికేషన్ల కాలం వస్తే చాలు, అమెరికా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట మళ్లీ మొదలు. పిల్ల హిస్టరీ మేజర్ పేరెత్తితే ఇంట్లో ఎవరో పోయినంత గోల. చివరికి ఇష్టంలేని కంప్యూటర్ సైన్సులో చేరడం, రెండో ఏడాదికే చతికిలబడటం. ఈ బెంగ మనదొక్కటే కాదు: అమెరికాలో 2008లో 34 వేలు దాటిన హిస్టరీ బ్యాచిలర్ డిగ్రీలు 2017కి 24 వేలకు పడిపోయాయి.

వాస్తవం: లా స్కూళ్లు ఫలానా మేజరే కావాలనవు. సుప్రీంకోర్టు జడ్జీలు సోనియా సోటోమేయర్, ఎలీనా కేగన్ ఇద్దరూ ప్రిన్స్‌టన్‌లో చదివింది హిస్టరీయే. 2010లో బ్యాంక్ ఆఫ్ అమెరికా సీఈఓ అయిన బ్రయాన్ మోయినిహన్‌దీ అదే డిగ్రీ.

"వాళ్లంటే మహానుభావులు" అంటారా? సరే, పేరు బయటికి రాని కొలువు చూడండి. 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం, విషవ్యర్థాలతో పాడైన నేలను బాగుచేసే ఖర్చు ఎప్పుడో అక్కడ ఫ్యాక్టరీ నడిపిన కంపెనీ నుంచీ రాబట్టొచ్చు. మరి 1940ల్లో ఆ నేల ఎవరిది? పాత శాన్‌బార్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపుల్లో ఏ షెడ్డు పక్కన ఏ ట్యాంకు ఉండేదో గీసి ఉంటుంది. దాన్ని భూమి దస్తావేజులతో, సిటీ డైరెక్టరీలతో సరిచూసి, కంపెనీ ఎన్ని చేతులు మారిందో తేల్చి లాయర్లకు రిపోర్టిచ్చే కన్సల్టెంట్లలో హిస్టరీ చదివినవాళ్లున్నారు. బడి బయటి ఇలాంటి పనులకే శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ 1976లోనే పబ్లిక్ హిస్టరీ కోర్సు పెట్టింది.

అపోహ: డాక్టరు కావాలంటే బయాలజీ మేజరే. – కాదు. మెడికల్ స్కూళ్లు అడిగిన సైన్సు కోర్సులు పూర్తిచేసి, వాటి ప్రవేశపరీక్ష ఎంక్యాట్ రాస్తే అప్లై చేయొచ్చు.

అపోహ: హిస్టరీ అంటే తారీఖుల బట్టీ. – అది మన పదో తరగతి.

అపోహ: హిస్టరీ వీసాకి పనికిరాదు. – ఇది మాత్రం చాలావరకు ఒప్పుకోక తప్పదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకి హిస్టరీతో ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) 12 నెలలే. స్టెమ్ (సైన్సు, ఇంజినీరింగ్ వగైరా) వాళ్లకిచ్చే అదనపు 24 నెలలు రావు. అప్పుచేసి వచ్చినవాళ్లు ఒకటికి పదిసార్లు ఆలోచించాల్సిందే. ఇక్కడే పుట్టిన మీ అమ్మాయికి ఓపీటీతో పనేంటి?

కాబట్టి మేజర్ మీద పోట్లాట మాని, వేసవి సెలవుల్లో ఏం చేస్తోందో అడగండి. ఏ ఆర్కైవ్స్‌లోనో, లా ఆఫీసులోనో ఇంటర్న్‌షిప్ చూసుకోమనండి. జీఐఎస్సో (కంప్యూటర్ మ్యాపుల పని) స్టాటిస్టిక్సో ఒకటి నేర్చుకోమనండి. రెజ్యుమేలో థీసిస్ పేరు రాసి ఊరుకోకుండా, ఏ కాగితాలు తిరగేసి ఏం తేల్చిందో రాయమనండి. ఉత్త డిగ్రీ పట్టుకుని కూర్చుంటే ఎవరూ పిలిచి ఉద్యోగమివ్వరు. ఈమధ్య కంప్యూటర్ సైన్సు వాళ్లకీ ఆ సంగతి తెలిసొస్తోంది.