సరిహద్దు దాటని కుల పత్రం

హైదరాబాద్ అద్దెలకూ ట్రాఫిక్‌కూ విసిగిన మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: భోపాల్ బతకడానికి ఎలా ఉంటుంది? బాగుంటుందనే చెబుతాను. 2022లో ప్రైవేటు కొలువు కోసం హనుమకొండ నుంచి కుటుంబంతో ఇక్కడికి వచ్చాను. 30 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న పెద్ద చెరువు (బడా తాలాబ్) ఒడ్డున సాయంత్రం నడవడానికి ఎవరూ టికెట్టు అడగరు. భోజరాజు కట్టించాడని చెప్పే ఆ చెరువు నేటికీ నగరానికి తాగునీరిస్తున్నది. చార్లెస్ కొరియా రూపకల్పనలో 1982లో వెలసిన భారత్ భవన్, శ్యామలా హిల్స్ మీది మానవ సంగ్రహాలయం, 2013లో తెరిచిన ఆదివాసీ మ్యూజియం చూడడానికి సెలవు దినాలు చాలవు. పొద్దున పోహా, జిలేబీ; రాత్రి పాత బస్తీలో మన హైదరాబాదుకు దగ్గరి బంధువులా వినిపించే ఉర్దూ.

అయితే చెరువు ఒడ్డున ఉన్నదే భోపాల్ మొత్తం కాదు. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు కమ్మిన కార్మిక బస్తీలు నగరానికి ఉత్తరాన ఉన్నాయి. కార్బైడ్ ఫ్యాక్టరీ వ్యర్థాలతో భూగర్భజలం చెడిపోయిన ఆ బస్తీలకు మంచినీరు ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఇంత నీరున్న నగరంలో గుక్కెడు మంచినీటి కోసం కోర్టుకెక్కిన వాళ్లెవరో వేరే చెప్పనక్కరలేదు.

ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇక్కడి యజమానులు పూర్తి పేరు అడిగారు. ఉత్తరాదిలో పేరు చివరి మాటే కులం చెబుతుంది. మన ఇంటిపేరు వారికి అంతుబట్టదు కనుక, రెండో ప్రశ్నగా ‘ఆప్ కౌన్ లోగ్ హైఁ?’ అన్నారు. ‘శాకాహారులకే’ అన్న షరతు ఆ ప్రశ్నకు మర్యాద ముసుగు. ఇంతకంటే చురుకైనవారు మనవాళ్లే. ఒక తెలుగువారి వేడుకలో ‘ఏ ఊరు, ఇంటిపేరేమిటి’ అని మొదలైన పలకరింపు మూడో నిమిషానికి మా తాత వృత్తి దాకా వచ్చింది. వృత్తి చెప్పాను, చాకలి. ఆ తర్వాత ఆ పెద్దాయన నన్ను ‘మీరు’ అనడం మానేశాడు.

ఆ వృత్తే నన్ను చిన్న చెరువు వైపున్న ధోబీఘాట్‌కు నడిపించింది. అక్కడ ఒక వృద్ధ రజకుడితో పరిచయమైంది. తాను ఎస్సీనని ఆయన చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. తెలంగాణలో మేము బీసీ-ఏ. తర్వాత జాబితా తీసి చూశాను. మధ్యప్రదేశ్‌లో ధోబీలు భోపాల్, రాయ్‌సేన్, సీహోర్ జిల్లాల్లో మాత్రమే షెడ్యూల్డ్ కులం. మిగతా జిల్లాల్లో ఓబీసీ. ఆ మూడు జిల్లాలూ కలిస్తే పాత భోపాల్ సంస్థానం. 1949లో భారత యూనియన్‌లో చేరి, 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, ఆ రాజ్యం మధ్యప్రదేశ్‌లో కలిసిపోయింది. రాజ్యం పోయినా దాని సరిహద్దు కులాల జాబితాలో మిగిలింది. గంట ప్రయాణం దూరంలో, విదిశలో ఉన్న ఆయన వియ్యంకులు ఓబీసీలు. ఒకే బండ మీద బట్టలుతికిన చేతులు, ఒకే పెళ్లిపందిట్లో కూర్చునే బంధువులు, రెండు రకాల పత్రాలు. (చెరువును శుద్ధి చేసే భోజ్ వెట్‌లాండ్ పథకంలో ధోబీఘాట్ల తరలింపు ఒక అంశమైంది. సబ్బు నురుగు కాలుష్యమే, కాదనను. నగరపు మురుగు మాత్రం నాలాల గుండా చెరువుల్లోకి వస్తూనే ఉంది.)

ఈ విడ్డూరం వెనుక రాజ్యాంగ సూత్రం ఉంది. 341, 342 అధికరణాల ప్రకారం ఒక కులమో తెగో షెడ్యూలులో ఉండడం ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ మాత్రమే. ఆ మాటకు కఠినమైన అర్థం చెప్పించుకున్నది మన తెలుగు విద్యార్థే. తెనాలిలో పుట్టి, ప్రభుత్వరంగ సంస్థలో తండ్రి ఉద్యోగం కారణంగా చిన్ననాడే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అక్కడ ఎస్టీ కోటాలో వైద్యసీటు కోరాడు. తండ్రి రాష్ట్రంలో ఉన్న హోదా ఇక్కడికి రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే సూత్రాన్ని నిలబెట్టింది. ఓబీసీల స్థితీ అంతే. తండ్రి పత్రం చూపితే కొత్త రాష్ట్రంలోనూ అధికారులు పత్రం ఇవ్వవచ్చు. అది కేంద్ర సంస్థల్లోనూ సొంత రాష్ట్రంలోనూ తప్ప చెల్లదు.

వెనుకబాటు స్థానికమైనదని న్యాయస్థానం అంటున్నది. కొంతవరకు నిజం. బయటినుంచి వచ్చిన, కాస్త చదువుకున్న కుటుంబం స్థానిక దళితుడి సీటు తన్నుకుపోతుందన్న భయమూ న్యాయమైనదే. ముల్కీ నిబంధనల కోసం 1969లో రక్తం చిందించిన నేల నుంచి వచ్చిన నేను ఆ భయాన్ని తీసిపారేయలేను. కానీ మరో నిజం ఉంది. పత్రాన్ని సరిహద్దు దగ్గర ఆపిన రాజ్యం కులాన్ని ఆపలేదు. ఇల్లు అద్దెకిచ్చే యజమాని ఏ గెజిట్ చూసి అడుగుతున్నాడు?

ఈ సంగతిని నాకంటే బాగా చెప్పిన కళాకారులు ఈ ఊళ్లోనే ఉన్నారు. స్వామినాథన్ ప్రోత్సాహంతో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పాటన్‌గఢ్ నుంచి భారత్ భవన్‌కు వచ్చాక గోండు చిత్రకారులెందరో భోపాల్ చేరారు. వారిలో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు గీసిన ‘భీమాయన’ 2011లో వెలువడింది. అంబేడ్కర్ జీవితాన్ని అందులో మూడు భాగాలు చేశారు: నీరు, ఆశ్రయం, ప్రయాణం. కొలంబియాలో చదివి 1917లో బరోడా కొలువుకు వచ్చిన మనిషిని పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టిన ఘట్టం ఆశ్రయంలో వస్తుంది. ఆయన చదువుకున్న ప్రపంచపు హోదా ఏదీ ఆ గది తలుపు దగ్గర పనికి రాలేదు.

పరిష్కారం లేకపోలేదు. వలస వచ్చిన రాష్ట్రంలో నిర్ణీత కాలం చదివిన ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు స్థానికుల వాటా ముట్టుకోకుండా అదనపు సీట్లు కల్పించవచ్చు. షెడ్యూళ్లను మార్చే అధికారం పార్లమెంటుది. బహుజన విద్యార్థి సంఘాలు ఈ డిమాండును ఎజెండాలోకి తీసుకోకపోవడం నాకు ఆశ్చర్యం. సొంత రాష్ట్రం దాటి బతుకుతున్నవారికి ఓటు బలం లేదన్నదే కారణం కాబోలు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఇక్కడ చేరింది, ఇప్పుడు పదకొండు చదువుతున్నది. డాక్టరు కావాలంటుంది. మధ్యప్రదేశ్ కౌన్సెలింగులో ఆమె జనరల్. తెలంగాణ వైద్యసీట్లకు స్థానిక అభ్యర్థి కావాలంటే వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి; ఆ నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి, ప్రైవేటు కొలువు చేసే నాలాంటివారి పిల్లలకు లేవు. కనుక అక్కడ ఆమె రజకురాలే, స్థానికురాలు మాత్రం కాదు. ఇక మిగిలినది అఖిలభారత కోటా, అందులో 27 శాతం ఓబీసీ వాటా. వచ్చే ఏడాది నీట్ దరఖాస్తుకు కావలసిన పత్రం కోసం నేను హనుమకొండ తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి.