పాత కారులో దొంగగాలి

పాత కారు గల ఇంట తరచుగా రెండు ఫిర్యాదులు వినవచ్చుచుండును. కారు నిలిచియున్నప్పుడు ఇంజను వణకుచు, ఒక్కొక్కసారి ఆగిపోవుట మొదటిది. బ్రేకు పెడలు రాయివలె బిగిసి, ఎంత త్రొక్కినను దిగకుండుట రెండవది. మొదటిదానికి కార్బ్యురేటరును, రెండవదానికి బ్రేకు షూలను నిందించుట పరిపాటి. కాని ఈ రెండు రోగములకును మూలము ఒక్కటే కావచ్చును. రబ్బరు పైపులోని చిన్న బీట రెండింటికిని చాలును.

ఈ సంగతి మేము అనుభవముపై నేర్చితిమి. కొన్ని సంవత్సరములకు పూర్వము మా యింట ఇరువదేండ్లు దాటిన పెట్రోలు కారొకటి యుండెను. కూడళ్లలో ఆగినప్పుడెల్ల ఇంజను ఆరిపోవుచుండగా ఒక మరమ్మతుశాలలో చూపించితిమి. అచ్చటి మెకానిక్కు ఐడిలింగు స్క్రూను కొంచెము బిగించి, ఇంజను వేగము పెంచి, ఇక భయము లేదని పంపివేసెను. బ్రేకు పెడలు కొన్నాళ్లుగా బరువెక్కుచున్నదని మాకు తెలియుచునే యుండెను. ముసలి కారు గదా యని ఊరకుంటిమి. నెల తిరుగకుండనే సకుటుంబముగా సింహాచలము కొండ దిగుచుండగా, ఒక మలుపులో గేరు మార్చుటకై క్లచ్చి త్రొక్కినంతనే ఇంజను ఆగిపోయెను. బ్రేకు ఒకసారి పట్టెను. రెండవసారి పెడలు కదలలేదు. వెనుక సీటులో మా తల్లిగారు, పిల్లలు ఉండిరి. రెండు పాదములును మోపి, హ్యాండు బ్రేకు లాగి, కారును కొండవైపు గట్టున కానించి ఆపితిమి. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. మరునాడు వేరొక మెకానిక్కు బూస్టరు పైపును వంచి, మడతలో విచ్చుకొనిన బీటను వ్రేలితో చూపెను.

ఇంజనునకును బ్రేకునకును ఈ బంధుత్వ మెట్లు కలిగినది? పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలిని లోనికి పీల్చును. యాక్సిలరేటరు వదలినప్పుడు గాలి వచ్చు ద్వారము దాదాపుగా మూసికొనియుండును. పిస్టను పీల్చుచునే యుండును, గాలి చాలదు. కావున ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనము పడిపోవును. సముద్రమట్టమున వాయుపీడనము 760 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. ఆరోగ్యముగా నున్న ఇంజను ఐడిలింగులో నుండగా మానిఫోల్డులోని పీడనము దానికంటె సుమారు 450 నుండి 550 మిల్లీమీటర్లు తక్కువగా నుండును. ఈ లోటునే వాక్యూమ్ అందురు.

ఈ లోటును బ్రేకునకు వినియోగింపవచ్చునని 1920 దశకములో బెల్జియము దేశపు ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ చేసి చూపెను. నేటి బూస్టరు ఆ త్రోవలోనిదే. పెడలునకును మాస్టర్ సిలిండరునకును నడుమ గుండ్రని రేకు డబ్బా యొకటి యుండును. దాని లోపల రబ్బరు పొర కలదు. త్రొక్కనప్పుడు పొరకు ఇరుప్రక్కలను వాక్యూమే. త్రొక్కినంతనే వెనుకవైపునకు బయటి గాలి ప్రవేశించి పొరను ముందునకు నెట్టును. 20 సెంటీమీటర్ల వ్యాసము గల పొరపై, 450 మిల్లీమీటర్ల వాక్యూమ్ ఉన్నచో, సుమారు 190 కిలోల బరువంత త్రోపు లభించును. పైపు చీలినచో ఈ సాయమంతయు పోయి మన పాదబలమే మిగులును.

ఆ చీలికలోనుండియే దొంగగాలి ఇంజనులోనికి చొరబడును. కార్బ్యురేటరు తన గుండా వచ్చిన గాలికి తగినంత పెట్రోలు మాత్రమే కలుపును. ఈ గాలి లెక్క దానికి తెలియదు. మిశ్రమము పలుచనై ఇంజను వణకును. వేగముగా పోవునప్పుడు ఇంజను త్రాగు గాలితో పోల్చిన ఈ దొంగగాలి స్వల్పము గనుక వణకు కనబడదు. ఆగినప్పుడు వణకి, పరుగులో కుదుటపడు ఇంజనును ముందుగా ఈ దృష్టితోనే చూడవలెను. స్క్రూ త్రిప్పి వేగము పెంచుట రోగిని దుప్పటితో కప్పుట వంటిది.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. కారును సమతలమున నిలిపి, న్యూట్రలులో నుంచి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. పైటకొంగులు, చేతులు ఫ్యానునకు దూరముగా నుండవలెను.

మొదటిది: ఇంజను ఆపి, పెడలు గట్టిపడువరకు నాలుగైదుసార్లు త్రొక్కవలెను. పాదము తీయక ఇంజను నడిపించినచో పెడలు కొంచెము క్రిందికి దిగవలెను. దిగనిచో బూస్టరునకు వాక్యూమ్ అందుట లేదు, లేక బూస్టరే చెడినది.

రెండవది: ఇంజనును కొద్దిసేపు నడిపి ఆపి, అయిదు నిమిషములు తాళి త్రొక్కవలెను. మొదటి ఒకటి రెండు త్రొక్కులు తేలికగా నుండవలెను. మొదటిదే బిగిసియున్నచో పైపునో, గాలిని తిరిగి రానీయని వాల్వునో, బూస్టరు పొరనో అనుమానింపవలెను.

మూడవది: ఇంజను నడుచుచుండగా మెత్తని రబ్బరు బూస్టరు పైపును, మానిఫోల్డు దగ్గర, గుడ్డ చుట్టిన పటకారుతో క్షణకాలము నొక్కవలెను. వణకు తగ్గినచో గాలి ఆ పైపు దారినే వచ్చుచున్నది. తగ్గనిచో కార్బ్యురేటరు, మానిఫోల్డు గాస్కెట్ల అంచులపై నీటిచుక్కలు వేయవలెను. చుక్క పడినచోట ఇంజను ధ్వని మారినచో దొంగ అచ్చటనే యున్నాడు. వేడి ఇంజనుపై పెట్రోలు చల్లి వెదకువారు కలరు. అది అగ్నిని ఆహ్వానించుటయే.

ఒక మాట. 1957లో వెలువడిన అంబాసిడరు తొలి నమూనాలలో బూస్టరు లేదు. అట్టి కార్లకు పై బ్రేకు పరీక్షలు వర్తింపవు.

బ్రేకు బాధలన్నియు గాలివి గావు. పెడలు స్పంజివలె మెత్తగా నున్నచో బ్రేకు ఆయిలులో గాలిబుడగలు చేరినవి. త్రొక్కి పట్టియుంచగా మెల్లగా నేలకు దిగిపోయినచో మాస్టర్ సిలిండరు వాషరు చెడియుండును, లేదా ఎచ్చటనో కారుచుండును. అట్టి కారును కదపరాదు. ఆయిలు తగ్గుచున్నను బయట తడి కానరానిచో, అది బూస్టరులోనికి కారుచున్నదేమో చూడవలెను. అట్లయినచో ఇంజను దానిని పీల్చి తెల్లని పొగ విడుచును. కారు ఒకవైపునకు లాగినచో ఒక చక్రపు బ్రేకు పట్టుకొనిపోయినది, లేక షూపై జిడ్డు పడినది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక రెండేండ్లకొకసారి మార్చుట మేలు. దానికి బదులు ఇంజనాయిలు పోసినచో రబ్బరు వాషర్లు ఉబ్బి చెడును.

తుదకు చెప్పవలసినది ముఖ్యమైనది. పెట్రోలు ఆదా యని ఘాటు దిగునప్పుడు ఇంజను ఆపి, న్యూట్రలులో కారును జారవిడుచు అలవాటు కొందరికి కలదు. ఇంజను ఆగినచో వాక్యూమ్ పుట్టదు. బూస్టరులో నిలువయున్నది రెండు మూడు త్రొక్కులకే చెల్లిపోవును. పైపు మంచిదైనను వారు కోరి మా అవస్థనే తెచ్చుకొనుచున్నారు. దిగునప్పుడు ఇంజను నడుచుచుండవలెను; చిన్న గేరులో దిగవలెను. కొండ ఎక్కుటకు పూర్వము ఇంటి వాకిటనే ఆ మొదటి పరీక్ష చేసికొనుటకు ఒక్క నిమిషము చాలును. మేము ఆ నిమిషమును సింహాచలము మలుపునకు తరువాత నేర్చితిమి.